మెదడు చిత్రంలో నిషానీలు
ఖాందానీ జబ్బులను ఎం.ఆర్.ఐ. ఎలా పట్టిస్తుంది? ఎంతవరకు నమ్మాలి?

నా దగ్గర ఉర్దూ చదువుకున్న పిల్లల్లో ఒకడి చేతిరాత ఎంతో అందంగా ఉండేది. నస్తలీఖ్ అక్షరాలను ముత్యాలు పేర్చినట్టు రాసేవాడు. పదమూడో ఏట ఆ రాత చెడిపోవడం మొదలైంది. అక్షరాలు వంకర్లు పోయి, చివరికి ఉత్త గీతలుగా మిగిలాయి. మాట ముద్దముద్దగా రాసాగింది. నోటి చివర చొంగ కారేది. ఉన్నట్టుండి కోపం తెచ్చుకునేవాడు. వాడికి చదువు మీద శ్రద్ధ తగ్గిందనుకుని నేను అందరి ముందూ గట్టిగా మందలించాను. ఆ రోజు వాడు తల వంచుకుని నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకున్నారు. ఒక ఆమిల్ దగ్గరికి, ఆ తర్వాత ఇంకొకరి దగ్గరికి తిప్పారు. మెడలో తావీజుల సంఖ్య పెరిగింది, పిల్లవాడి నడక తగ్గింది. దాదాపు ఏడాది అలా గడిచిపోయాక ఒక నరాల డాక్టరు మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. యంత్రం ఉన్న గది గుమ్మం దగ్గర అక్కడి ఉద్యోగి, ఒంటి మీద లోహపు వస్తువేదీ ఉండకూడదన్నాడు. తావీజులన్నీ లోహపు గొట్టాల్లో ఉన్నాయి. విప్పడానికి తల్లి మనసొప్పలేదు. "మౌల్వీ సాబ్, మీరే చెప్పండి" అని నా వైపు చూసింది. "అమ్మా, విప్పి నా చేతికివ్వండి. బయటికి వచ్చాక మీ ఇష్టం. దువాకు దారం అక్కర్లేదు" అన్నాను.

సాయంత్రం డాక్టరు ఆ ఫిల్మును దీపపు పలక మీద పెట్టి ఒకచోట వేలు చూపించాడు. "ఇక్కడ ఏం కనిపిస్తోంది మీకు?" అని అడిగాడు. బూడిద రంగు మచ్చల మధ్య రెండు కళ్ళు, రెండు చెవులు, కింద గడ్డం ఉన్న ఒక జంతువు ముఖం కనిపించింది. "దీన్ని పాండా ముఖం అంటాం. ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బుకు ఇదొక గుర్తు. దీనికి మందు ఉంది" అన్నాడు. తల్లి కళ్ళు తుడుచుకుంది. డాక్టరు మాత్రం వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "ఈ అబ్బాయికి తోబుట్టువులున్నారా?"

తొమ్మిదేళ్ళ చెల్లెలు ఉంది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

పుర్రె తెరవకుండా మెదడును చూడటం

బతికున్న మనిషి మెదడు లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే మార్గం వైద్యులకు చాలాకాలం లేదు. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది గానీ, మెత్తటి మెదడులోని తేడాలను చూపించలేదు. 1971లో లండన్‌లో తొలిసారిగా ఒక రోగి మెదడును సి.టి. స్కాన్ తీశారు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. దానికి దారి వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే కదా! ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను బలమైన అయస్కాంతం ఒక వరుసలో నిలబెడుతుంది. ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. అలా వరుసలో ఉన్న కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలిస్తే, అవి తిరిగి తమ స్థానానికి వస్తూ ఒక సంకేతాన్ని పంపుతాయి. కంప్యూటరు ఆ సంకేతాలనే చిత్రంగా మారుస్తుంది. టి2 అనే రకం చిత్రంలో నీరు చేరిన చోటు, వాచిన చోటు తెల్లగా మెరుస్తాయి. ఇనుము పేరుకున్న చోటు నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు చెప్పబోయే నిషానీలలో చాలావాటికి ఈ తెలుపు నలుపులే ఆధారం.

రాగి చేసే హాని

పాండా ముఖం కనిపించే ఆ జబ్బు పేరు విల్సన్ వ్యాధి. లండన్‌లో పనిచేసిన కిన్నియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు 1912లో దీన్ని వివరంగా వర్ణించాడు. మనం తినే ఆహారంలో కొద్దిగా రాగి ఉంటుంది. ఒంటికి కావలసినంత వాడుకున్నాక, మిగిలిన రాగిని కాలేయం పైత్యరసంతో కలిపి బయటికి పంపేస్తుంది. ఈ పనికి ఏటీపీ7బీ అనే జన్యువు అవసరం. 1993లో కనుగొన్న ఈ జన్యువు పదమూడో క్రోమోజోము మీద ఉంటుంది. ఇది చెడిపోతే రాగి బయటికి పోదు. మొదట కాలేయంలో, ఆ తర్వాత మెదడులో, కంటిలో పేరుకుంటుంది. అందుకే కొందరికి ఇది పచ్చకామెర్లుగా మొదలైతే, కొందరికి చేతి వణుకుగా, మాట తడబాటుగా, చెడిన చేతిరాతగా మొదలవుతుంది. ఇంకొందరిలో ముందు స్వభావం మారుతుంది. మనవాళ్ళు దయ్యమని, జిన్నాత్ అని పొరబడేది ఇక్కడే.

పాండా ముఖం ఏర్పడేది మధ్య మెదడులో. అక్కడ రెండు గుండ్రని భాగాలు మామూలుగానే నల్లగా ఉంటాయి. జబ్బు వల్ల వాటి చుట్టూ ఉన్న కణజాలం తెల్లబడేసరికి ఆ రెండూ కళ్ళలా తేలతాయి. పక్కన నల్లగా మిగిలిన భాగాలు చెవుల్లా, వెనుక భాగం గడ్డంలా కనిపిస్తాయి.

ఇది ఎంత నమ్మదగిన నిషానీ? బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 2010లో ఒక పరిశీలన ప్రచురించారు. చిన్న వయసులోనే వణుకు, బిగుసుకుపోవడం వంటి బాధలున్న 100 మంది ఎం.ఆర్.ఐ. చిత్రాలను వాళ్ళు పోల్చి చూశారు. అందులో 56 మంది విల్సన్ రోగులు. వాళ్ళలో పాండా ముఖం కనిపించింది సుమారు 14 శాతం మందికే, అంటే ఏడుగురిలో ఒకరికి. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా, థాలమస్, మెదడు కాండం మూడింటిలోనూ ఒకేసారి మార్పులు ఉండటం సగానికి పైగా విల్సన్ రోగుల్లో కనిపించింది, మిగతా జబ్బుల వాళ్ళలో ఎవరికీ కనిపించలేదు. కాబట్టి పాండా ముఖం కనిపిస్తే విల్సన్ వ్యాధిని గట్టిగా అనుమానించాలి. కనిపించనంత మాత్రాన ఆ జబ్బు లేదని చెప్పడానికి వీల్లేదు.

చిత్రం సాక్షి మాత్రమే

మదర్సాలో ఫిఖ్ చదివిన ప్రతి విద్యార్థికీ గవాహ్ వేరు, ఖాజీ వేరు అని తెలుసు. సాక్షి తాను చూసినది చెబుతాడు. ఖాజీ అన్ని సాక్ష్యాలనూ తూచి తీర్పు ఇస్తాడు. మెదడు చిత్రం మంచి సాక్షే, అయితే ఒంటరి సాక్షి. విల్సన్ వ్యాధి విషయంలో మిగతా సాక్షులు కూడా ఉన్నాయి. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే రాగిని మోసే మాంసకృత్తు తగ్గుతుంది. 24 గంటల మూత్రంలో రాగి పెరుగుతుంది. కంటి నల్లగుడ్డు అంచున బంగారు గోధుమ రంగు వలయం ఏర్పడుతుంది. దీనికి కైజర్, ఫ్లీషర్ అనే ఇద్దరు కంటి వైద్యుల పేరు పెట్టారు. మెదడుకు జబ్బు పాకినవారిలో దాదాపు అందరికీ ఈ వలయం ఉంటుంది. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో కొద్ది నిమిషాల్లో చూసి చెప్పేస్తాడు. ఆఖరి సాక్ష్యం జన్యు పరీక్ష.

ఇంత పట్టుదలగా చూడవలసిన కారణం ఒకటే: దీనికి చికిత్స ఉంది. 1956లో జాన్ వాల్ష్ అనే బ్రిటిష్ వైద్యుడు పెనిసిల్లమిన్ అనే మందు ఒంట్లోని రాగిని మూత్రం ద్వారా బయటికి తోడేస్తుందని చూపాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు బతికేవాళ్ళు కాదు. తర్వాత ట్రయంటీన్ వచ్చింది. రాగిని పేగుల్లోనే అడ్డుకునే జింక్ కూడా వాడుకలోకి వచ్చింది. మందు జీవితాంతం వాడాలి. మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి లక్షణాలు ఇంకా ముదురుతాయి. అప్పుడు భయపడి మానేయకూడదు, డాక్టరుకు చెప్పాలి. బాగుపడ్డామని మానేసినవాళ్ళు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. మన ఇళ్ళలో ఇష్టంగా తినే కలేజీలో రాగి చాలా ఎక్కువ. ఈ రోగులు దానికి దూరంగా ఉండాలి. రాగి పాత్రల్లో నిలవ ఉంచిన నీళ్ళూ వద్దు. రంజాన్‌లో మందు వేళలను సొంతంగా మార్చుకోకూడదు. రోగికి దీన్‌లో సడలింపు ఉంది. ఉపవాసం సంగతి డాక్టరుతో మాట్లాడి, ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాలి.

పులి కన్ను

ఇలాంటిదే ఇంకొక నిషానీకి 'పులి కన్ను' అని పేరు. గ్లోబస్ పాలిడస్ అనే భాగంలో రెండు వైపులా ఇనుము పేరుకుని నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు నడుమ, కణాలు దెబ్బతిన్న చోట తెల్లటి చుక్క మెరుస్తుంది. చీకట్లో పులి చూస్తున్నట్టే ఉంటుంది. ఈ జబ్బు ఎక్కువగా ఆరేళ్ళ లోపు మొదలవుతుంది. పిల్లవాడు తరచూ పడిపోతాడు. కాళ్ళు చేతులు మెలితిరిగి బిగుసుకుపోతాయి. మాట పోతుంది, కొందరికి చూపు తగ్గుతుంది. 2001లో దీనికి మూలమైన ప్యాంక్2 అనే జన్యువు దొరికింది. 2003లో అమెరికాలో సుసాన్ హేఫ్లిక్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఈ జన్యువు చెడినట్టు తేలిన రోగులు ఎవరి చిత్రం చూసినా పులి కన్ను ఉంది. అయితే ఇతర జబ్బుల్లో కూడా ఇలాంటి ఆకారం అరుదుగా కనిపిస్తుందని, జబ్బు ముదిరేకొద్దీ తెల్ల చుక్క మాసిపోవచ్చని తర్వాత తెలిసింది. ఇక్కడా చిత్రం సాక్షే. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. బిగుసుకుపోవడాన్ని తగ్గించే మందులు, ఫిజియోథెరపీ మాత్రం ఊరటనిస్తాయి.

ఈ జబ్బు పాత పేరు వెనుక ఒక గుణపాఠం ఉంది. 1922లో ఒకే కుటుంబంలోని అయిదుగురు అక్కచెల్లెళ్ళలో దీన్ని వర్ణించిన హాలర్‌వోర్డెన్, స్పాట్జ్ అనే జర్మన్ వైద్యుల పేర్లే మొదట దీనికి పెట్టారు. ఆ హాలర్‌వోర్డెనే తర్వాత నాజీల కాలంలో, ప్రభుత్వం చంపించిన వందలాది మానసిక రోగుల మెదళ్ళను తెప్పించుకుని పరిశోధన చేశాడు. అందుకే ఆ పేరును వైద్యలోకం పక్కన పెట్టింది. ఇల్మ్ ఒక అమానత్. దాన్ని సంపాదించే దారి కూడా శుభ్రంగా ఉండాలి.

చికిత్సకు వేళను చెప్పే చిత్రం

కొన్ని జబ్బుల్లో చిత్రం పేరు చెప్పడంతో ఆగదు, చికిత్స వేళను కూడా నిర్ణయిస్తుంది. అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అందుకు ఉదాహరణ. తల్లి వాహకురాలైతే పుట్టే ప్రతి కొడుకుకూ ఈ దోషం సంక్రమించే అవకాశం సగం. బాగా చదివే కుర్రాడు నాలుగు నుంచి పదేళ్ళ మధ్య హఠాత్తుగా వెనుకబడతాడు. చూపు, వినికిడి, నడక ఒక్కొక్కటిగా పోతాయి. లక్షణాలు బయటపడకముందే మెదడు వెనుక భాగంలోని తెల్ల పదార్థంలో మార్పు ఎం.ఆర్.ఐ.లో కనిపిస్తుంది. ఆ తొలి దశలోనే మూల కణాల మార్పిడి చేస్తే జబ్బును ఆపవచ్చు. ముదిరాక చేస్తే లాభం లేదు. అందుకే ఇంట్లో ఒక అబ్బాయికి ఈ జబ్బు తేలితే, ఆ దోషం ఉన్న అతని తమ్ముళ్ళకు ఏ బాధా లేకపోయినా క్రమం తప్పకుండా ఎం.ఆర్.ఐ. తీస్తూ కాచుకుంటారు.

హంటింగ్టన్ వ్యాధిది ఇంకో దారి. 1872లో జార్జి హంటింగ్టన్ అనే యువ అమెరికన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. వెనిజులాలోని మరకైబో సరస్సు తీరాన ఈ జబ్బు తరతరాలుగా ఉన్న కుటుంబాల సాయంతోనే 1983లో జన్యువు చిరునామా, 1993లో జన్యువు దొరికాయి. సాధారణంగా నడివయసులో బయటపడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, బిడ్డకు సగం అవకాశం. మెదడులోని కాడేట్ అనే భాగం కుంచించుకుపోవడం చిత్రంలో కనిపిస్తుంది, తరచుగా లక్షణాల కంటే కొన్నేళ్ళ ముందే. నయం చేసే మందు లేదు గనుక, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టానికే వదిలేస్తారు. లక్షణాలు లేని చిన్నపిల్లలకు ఆ పరీక్ష చేయరు.

ఖాందాన్‌లో రిష్తా

హంటింగ్టన్‌కు బంధువుల పెళ్ళితో సంబంధం లేదు. విల్సన్ వ్యాధికి, పులి కన్ను జబ్బుకు ఉంది. ఈ రెండూ రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్ళు వాహకులు. వాళ్ళకు జబ్బు రాదు, తమలో దోషం ఉందని కూడా తెలియదు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక ముగ్గురికి రాదు" అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదలవుతుంది.

విల్సన్ వ్యాధి సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆ లెక్కన వాహకులు 90 మందిలో ఒకరు. వరుడు వాహకుడనుకుందాం. బయటి సంబంధమైతే వధువు కూడా వాహకురాలయ్యే అవకాశం తొంభైలో ఒక వంతు. వధువు మేనత్త కూతురో, చిన్నాన్న కూతురో అయితే ఎనిమిదింట ఒక వంతు. తెలుగునాట హిందువుల్లో ఉన్న మేనమామ-మేనకోడలు పెళ్ళిలో అయితే నాలుగింట ఒక వంతు. ఆ పెళ్ళి మనకు హరామ్. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళి మాత్రం జాయెజ్.

జాయెజ్ అంటే తప్పనిసరి అని కాదు. ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో వధువులో చూడవలసిన గుణాలు చెబుతూ, మరీ దగ్గరి బంధువు కాకపోవడాన్ని కూడా వాటిలో చేర్చారు. అలాగని భయపెట్టడమూ న్యాయం కాదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ నగరంలో వేలాది మంది పిల్లలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పుట్టుకతో వచ్చే లోపాల ప్రమాదం బయటి పెళ్ళిళ్ళలో సుమారు 3 శాతం ఉంటే, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళలో 6 శాతం. ప్రమాదం రెట్టింపైంది, నిజమే. నూటికి తొంభై నాలుగు మంది పిల్లలు ఆ లోపాలు లేకుండా పుట్టారన్నదీ నిజమే.

బంధువుల పెళ్ళి లేకపోయినా ఒకే బిరాదరీలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటే ఇదే ఇబ్బంది వస్తుంది. ఉత్తరాది అగర్వాల్ సమాజం సగోత్ర వివాహం చేయదు. అయినా తల పెద్దదై, మెదడు తెల్ల పదార్థం వాచి, నీటి తిత్తులు ఏర్పడే ఒక అరుదైన జబ్బు వాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని కూడా ఎం.ఆర్.ఐ. చూసే గుర్తుపడతారు. కాబట్టి ఇది ఒక మతానికో, కులానికో అంటగట్టే నింద కాదు. సౌదీ అరేబియా 2004 నుంచి నికాహ్‌కు ముందు సికిల్ సెల్, తలసీమియా పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితం తెలిశాక నిర్ణయం మాత్రం ఆ జంటదే.

ఆ చెల్లెలి సంగతి

మా కుర్రాడి తల్లిదండ్రులు మేనత్త-మేనమామ పిల్లలు. చెల్లెలికి ఏ బాధా లేదు, బడిలో ముందుండేది. "బాగున్న పిల్లకు పరీక్షలెందుకు? ఊళ్ళో తెలిస్తే రేపు రిష్తా వస్తుందా?" అని తాతగారు అడ్డుపడ్డారు. చివరికి తండ్రి ధైర్యం చేశాడు. రక్తంలో, మూత్రంలో తేడా తేలింది. జన్యు పరీక్షా అదే చెప్పింది. మెదడు చిత్రం మాత్రం నిర్మలంగా ఉంది. రాగి ఇంకా మెదడు దాకా చేరలేదు. ఆ రోజు నుంచే ఆమెకు మందు మొదలైంది. ఈనాటికీ ఆమె చేయి వణకలేదు.

పెళ్ళి వయసు వచ్చాక మేనమామ తన కొడుక్కు అడిగాడు. ఆమె రోగి కాబట్టి తన బిడ్డలందరికీ ఒక చెడిన జన్యువు ఇచ్చి తీరుతుంది. భర్త కూడా వాహకుడైతే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం. అబ్బాయికి పరీక్ష చేయిస్తే వాహకుడని తేలింది. రిష్తా ఆగిపోయింది. మేనమామ ఏడాదిపాటు ఆ గడప తొక్కలేదు. తర్వాత బయటి సంబంధం వచ్చింది. ఏదీ దాచకుండా చెప్పారు. ఆ అబ్బాయి తానే ముందుకొచ్చి పరీక్ష చేయించుకున్నాడు, వాహకుడు కాదని తేలింది, నికాహ్ జరిగింది. ఇప్పుడు వాళ్ళకొక పాప. ఆ పాపకు ఈ జబ్బు రాదు.

అన్నకు మాట చాలావరకు తిరిగి వచ్చింది, నడుస్తున్నాడు, చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. చేతిరాత మాత్రం తిరిగి రాలేదు. ఆమిళ్ళ చుట్టూ తిరిగిన ఆ ఏడాది, దానికి ముందు నేను మందలిస్తూ పోగొట్టిన నెలలు, వాడి చేతిలోంచి పోయాయి.

అందుకే తల్లిదండ్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు నా మనవి. పిల్లవాడి రాత, మాట, నడక, స్వభావం కారణం లేకుండా చెడుతుంటే ముందు నరాల డాక్టరుకు చూపించండి. దువా మానవద్దు, వైద్యం ఆలస్యం చేయవద్దు. ఇంట్లో ఒకరికి ఖాందానీ జబ్బు తేలితే తోబుట్టువులందరికీ పరీక్షలు చేయించండి. మెదడు చిత్రం బాగుందని అక్కడితో ఆగవద్దు. జన్యు పరీక్షల సౌకర్యం మన హైదరాబాద్‌లోనే ఉంది. డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సి.డి.ఎఫ్.డి. ఇలాంటి పరీక్షలు చేస్తుంది. మీ డాక్టరు సలహాతో వెళ్ళవచ్చు. రిష్తా కుదిరే ముందు జబ్బును దాచిపెట్టడం రెండు కుటుంబాలకూ ద్రోహం. చెప్పుకోవడంలో ఐబ్ ఏమీ లేదు. ఆ తాతగారి మాట విని ఆ రోజు ఊరుకుని ఉంటే, ఈ రోజు ఆ ఇంట్లో వణికే చేతులు రెండు జతలు ఉండేవి.